ఏడేళ్ల పొడగరి పాపకు బ్యాలెన్స్ బైక్: పెద్ద సైజుది కొనాలా, మామూలు సైకిలుకే పెడల్స్ తీయించాలా?

ప్రశ్న: అంబాజీపేట అమ్మ

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మాయికి ఈమధ్యనే ఏడేళ్లు నిండాయి. ఎత్తు 130 సెంటీమీటర్లు, బరువు 26 కిలోలు. తరగతిలో అందరికన్నా పొడుగు. నాలుగేళ్లప్పుడు, పెరిగినా పనికొస్తుందన్న ఉద్దేశంతో కొంచెం పెద్ద సైకిలే, సైడు చక్రాలతో, కొనిపెట్టాం. ఆ చక్రాలు ఉన్నన్నాళ్లూ ఇంటి చుట్టూ చక్కగా తిరిగింది. అవి తీసేసిన తరువాత మాత్రం సైకిలు కాస్త పక్కకు ఒరిగితే చాలు, హ్యాండిల్ వదిలేసి కిందికి దూకేస్తోంది. ఇప్పుడు ఆ సైకిలు వసారాలో ఒక మూలన పడి ఉంది.

హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు కొడుకు మూడేళ్లకే పెడల్స్ లేని బ్యాలెన్స్ బైక్ మీద తిరిగి, ఆ తరువాత సైడు చక్రాల అవసరమే లేకుండా నేరుగా సైకిలు తొక్కేశాడు. అది చూసి మా పాపకు కూడా అలాంటిది కొందామని వెళితే, షాపులో ఉన్నవన్నీ 12 అంగుళాల చక్రాలవే. సీటు పూర్తిగా పైకి లేపి కూర్చోబెట్టినా మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతున్నాయి. షాపువారు పెట్టె మీద రాసిన వయసు చూపించి, ఏడేళ్ల పిల్లకు ఇక ఇవి దొరకవని తేల్చి చెప్పారు. ఆన్‌లైన్‌లో వెతికితే 14, 16, చివరికి 20 అంగుళాల చక్రాలవి కూడా కనిపిస్తున్నాయి గానీ, కొన్ని నెలలు వాడి పక్కన పెట్టేసేదానికి అంత ఖర్చు పెట్టాలా అన్న సందేహం ఉంది. మామూలు సైకిలుకు పెడల్స్ తీయించినా అదే పని చేస్తుందని ఒకరు అన్నారు. అది నిజమేనా? నిజమైతే ఏ సైజు సైకిలుకు తీయించాలి?

ఇంకో రెండు విషయాలు. నేర్పేటప్పుడు కొద్దిపాటి వాలు ఉన్న చోటు చూసుకోవాలని అంటున్నారు, మా ఊరంతా చదునే. ఇంటి ముందు రోడ్డు దాటితే పంట కాలువ. రెండోది, పెడల్స్ లేని బండి ఎక్కితే తోటి పిల్లలు చిన్నపిల్లల బండి అంటారేమోనని పాప ఇప్పటినుంచే జంకుతోంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం: పాలకొల్లు సైకిల్ మెకానిక్

అమ్మా, ముందుగా వయసు సంగతి పక్కన పెట్టండి. పెట్టె మీద రాసే వయసు సగటు ఎత్తు ఉన్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసేది. సైకిలుకైనా, బ్యాలెన్స్ బైక్‌కైనా అసలు కావలసింది కాలి లోపలి కొలత, అంటే గజ్జల నుంచి నేల వరకు ఉండే ఎత్తు. ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లల్లో కూడా ఈ కొలత నాలుగైదు సెంటీమీటర్లు తేడా ఉండవచ్చు, ఆ నాలుగైదు సెంటీమీటర్లతోనే కాళ్లు నేలకు ఆనడమో ఆనకపోవడమో తేలిపోతుంది.

పాప రోజూ వేసుకునే బూట్లు తొడిగి గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని రెండు కాళ్ల మధ్య, దాని వెన్ను పైకి వచ్చేలా, ఒక అంచు గోడకు ఆనేలా పెట్టి, సైకిలు సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తుకుంటుందో అంత పైకి లాగండి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు టేపుతో కొలవండి. పెడల్స్ లేకుండా నడపడానికి సీటు ఎత్తు ఆ కొలతకన్నా మూడు సెంటీమీటర్లు, భయపడే పిల్లలకైతే నాలుగైదు సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి. అప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనుతాయి, మోకాళ్లు కొద్దిగా వంగి ఉంటాయి. మునివేళ్లు మాత్రమే అందితే సీటు ఎత్తు ఎక్కువైనట్టు. పిల్ల కూర్చుని గొంతుక్కూర్చున్నట్టు కనిపిస్తే తక్కువైనట్టు. మీరు షాపులో చూసిన 12 అంగుళాల వాటితో వచ్చిన చిక్కు ఈ రెండోదే. వాటిలో చాలావాటికి ఎంత బరువు మోస్తాయో కూడా రాసి ఉంటుంది, 26 కిలోల పిల్ల విషయంలో అదీ చూసుకోవలసిందే.

ఇక పెడల్స్ తీయించడం గురించి. మీరు విన్నది నిజమే, పొడుగు పిల్లల విషయంలో నేను మొదట చెప్పే మార్గం కూడా అదే. వసారాలో ఉన్న సైకిలు ఎన్ని అంగుళాలదో మీరు రాయలేదు. చక్రం టైరు పక్కన అంకె ఉంటుంది, చూసి చెప్పండి. అది 16 అంగుళాలదైతే కొత్తది ఏదీ కొనకుండానే పని జరిగిపోవచ్చు.

పెడల్ ఇంట్లో విప్పేవారు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమ పెడల్‌కు ఎదురు మర ఉంటుంది. ఇది తెలియక ఎడమది కూడా అన్ని నట్లలాగే తిప్పి, ఇంకా బిగించేసి, చివరికి క్రాంకు (పెడల్ బిగించే ఇనుప చేయి) మరలు చెరిపేసి మా దగ్గరికి తెచ్చేవారు చాలామంది. 15 నంబరు పానాను పెడల్ ఇరుసు మీద నిలువుగా పైకి ఉండేలా పెట్టి, ఏ వైపుదైనా సరే వెనక చక్రం వైపుకు లాగితే వదులవుతుంది, ముందు చక్రం వైపుకు నెడితే బిగుస్తుంది. కుడి, ఎడమ అని తికమక పడనక్కరలేదు. ఊడిన పెడల్స్ ఇరుసుల చివర ఎల్, ఆర్ అని అక్షరాలు ఉంటాయి. మళ్లీ బిగించేటప్పుడు అటుదిటు ఎక్కించకూడదు కాబట్టి వాటిని జాగ్రత్తగా దాచి ఉంచండి. మన దగ్గర, అందులోనూ సముద్రం వైపు ఊళ్లలో, ఉప్పుగాలికి ఇరుసు తుప్పు పట్టి పట్టేసి ఉంటుంది. ముందు రోజు సాయంత్రం మర దగ్గర నాలుగు చుక్కల నూనె వేసి ఉంచితే మరునాడు తేలికగా వస్తుంది.

పెడల్స్ తీసినా క్రాంకు చేతులు మిగిలే ఉంటాయి. పిల్ల కాళ్లు ఎడంగా వేసి నడిస్తే ఇబ్బంది లేదు గానీ, దగ్గరగా వేసే అలవాటు ఉంటే పిక్కలకు కొట్టుకుంటాయి. అలాగైతే క్రాంకు, చైను రెండూ తీయించేయండి, షాపులో అది ఎక్కువసేపు పట్టే పని కాదు. సైడు స్టాండు, వెనక క్యారియరు, చైను కవరు, బుట్ట, ఏమున్నా విప్పించేయండి. మన ఇనుప సైకిళ్లు పిల్లల సైజువైనా పది కిలోలకు అటూ ఇటూగా తూగుతాయి, 26 కిలోల పిల్ల అంత బరువును కాళ్లతో నెట్టుకుంటూ పోవాలి కదా.

సమాధానం: భీమవరం నాన్న

మెకానిక్ గారు చెప్పిన కొలత విషయంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను గానీ, పెడల్స్ తీసిన సైకిలు అందరికీ సరిపోతుందన్న మాటతో మాత్రం కాదు. మా అబ్బాయికి ఎనిమిదో ఏట మేము పెద్ద సైజు బ్యాలెన్స్ బైకే, 16 అంగుళాలది, తెప్పించాం. కారణం బరువే. వాడు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పెడల్స్ తీసిన సైకిలు వాడి బరువులో దాదాపు సగం ఉండేది. ఒరిగినప్పుడు దాన్ని నిలబెట్టుకోలేక, దాని బరువు తన మీద పడుతుందన్న భయమే వాడికి ఎక్కువయింది. పిల్ల బరువులో బండి బరువు మూడో వంతు దాటకుండా ఉంటే మేలు. పెద్ద పిల్లల కోసమే చేసినవాటికి క్రాంకు ఉండే చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి కాళ్లకు అడ్డు రాదు. ఫ్రేము కూడా కిందికి ఉండడం వల్ల ఎక్కడం, దిగడం సులువు.

అయితే కొనేవారు చూసుకోవలసినవి ఉన్నాయి. 12 అంగుళాల వాటికి చాలావరకు బ్రేకు ఉండదు, చిన్నపిల్లలు కాళ్లతోనే ఆపుకుంటారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు అంతకన్నా ఎక్కువ వేగంతో, ఎక్కువ బరువుతో వెళతారు కాబట్టి చేతి బ్రేకు లేనిది కొనకండి. బ్రేకు పిడి పిల్ల వేళ్లకు అందాలి. చాలా పిడులకు లోపలి వైపు చిన్న మర ఉంటుంది, దాన్ని బిగిస్తే పిడి హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. గట్టి ఫోము టైర్లకన్నా గాలి టైర్లు మేలు. ఫోము టైరు పంక్చరు కాదన్నది నిజమే గానీ, వానాకాలంలో పాకుడు పట్టిన సిమెంటు రోడ్డు మీద దానికి పట్టు తక్కువ. స్ట్రైడర్ వంటి కంపెనీలు 12 మొదలుకొని 14, 16, 20 అంగుళాల వరకు చేస్తున్నాయి. వాటిలో 14 అంగుళాల దానికి తరువాత పెడల్స్ కూడా అమర్చుకునే వీలుంది గానీ, 130 సెంటీమీటర్ల పాపకు అది చిన్నదే అవుతుందని నా అభిప్రాయం. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఖర్చు కలిసి వస్తుంది, లేకపోతే వాడినది దొరుకుతుందేమో చూడండి.

వాలు గురించి అడిగారు. డెల్టాలో వాలు కోసం వెతికితే చివరికి కాలువ గట్టు మీదికి ఎక్కే దారో, వంతెన దిగే దారో తప్ప వేరేది కనిపించదు. ఆ రెండు చోట్లకూ దయచేసి తీసుకెళ్లకండి. గట్టు దిగే వాలు నేరుగా నీళ్లలోకో, మలుపులోకో పోతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కూడా గట్టు అంచు అంచే. నిజానికి చదును నేల మీదే పని జరుగుతుంది. వాలు ఇచ్చే ఊపును పిల్ల తన కాళ్లతో తెచ్చుకోవాలి, అంతే తేడా. అందుకే చదును ప్రాంతంలో టైర్లలో గాలి చాలా ముఖ్యం. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో రాసి ఉంటుంది, అంత నిండుగా కొట్టించండి. మెత్తగా ఉన్న టైరుతో రెండు అంగలు వేసి కాళ్లు ఎత్తితే బండి వెంటనే ఆగిపోతుంది, బ్యాలెన్సు అందేంత సేపు అది కదలనే కదలదు. మేము ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం వాడుకున్నాం. సార్వా, దాళ్వా కోతల సమయంలో తప్ప అది ఖాళీగానే ఉంటుంది. విశాలంగా, నున్నగా ఉంటుంది, బళ్లు రావు. ఇసుక మేట ఉంటే ఊడ్పించండి, దాని మీద ముందు చక్రం జారుతుంది.

సమాధానం: కాకినాడ ఫిజియోథెరపిస్టు

పిల్లల కదలికలకు సంబంధించిన వైద్యంలో పనిచేస్తున్నాను కాబట్టి, ఆ పాప ఎందుకు దూకేస్తోందో కొంత వివరంగా చెప్పడం అవసరమనిపించింది. సైకిలు పడకుండా ఉండడానికి కారణం నడిపేవారు అది ఒరిగిన వైపుకే హ్యాండిల్‌ను కొద్దిగా తిప్పడం. అలా తిప్పినప్పుడు చక్రాలు మళ్లీ శరీరం కిందికి వస్తాయి. బాగా వచ్చినవారు ఇది తెలియకుండానే క్షణక్షణం చేస్తూ ఉంటారు. సైడు చక్రాలు సైకిలును అసలు ఒరగనివ్వవు, ఒరగనిదే ఈ విద్య అలవడదు. పైగా ఆ చక్రాల మీద మలుపు తిరిగేటప్పుడు పిల్లలు మలుపుకు బయటి వైపుకు వాలడం అలవాటు చేసుకుంటారు. రెండు చక్రాల సైకిలుకు అది సరిగ్గా వ్యతిరేకం. మీ పాప మూడేళ్లు శ్రద్ధగా నేర్చుకున్నది ఇదే. చక్రాలు తీయగానే తను నేర్చుకున్నది పనికిరాకపోయేసరికి భయపడింది. పాప పిరికిది కాదని మీరు ముందు నమ్మాలి, తనకూ చెప్పాలి.

పెడల్స్ తీసేస్తే రెండు పనులు ఒక్క పనిగా తగ్గుతాయి. తొక్కడం తనకు వచ్చు, మిగిలింది ఒరుగును సరిదిద్దుకోవడం ఒక్కటే. మొదట సీటు మీద కూర్చుని ఊరికే నడవనివ్వండి. చాలామంది పిల్లలు మొదట్లో సీటు మీద పూర్తిగా బరువు వేయరు, ఫ్రేము మధ్య నిలబడి నడుస్తారు; కూర్చోమని గద్దించకండి, సీటు ఇంకో సెంటీమీటరు దించి చూడండి. నడక నుంచి పెద్ద అంగలు, అంగల నుంచి రెండు పాదాలూ ఒక్క క్షణం పైకెత్తడం, ఆ క్షణం కాస్తా కాస్తా పొడవు కావడం: వరుస ఇదే, దీన్ని పిల్ల తన వేగంతో దాటాలి. మీరు పట్టుకోవలసి వస్తే హ్యాండిల్‌ను గానీ సీటును గానీ పట్టుకోకండి. అలా పట్టుకుంటే ఒరుగు తెలిసేది మీ చేతికి, పిల్లకు కాదు. పక్కన నడుస్తూ చంకల కింద వేళ్లు ఆనించి ఉంచండి చాలు. చూపు ముందు చక్రం మీద కాక దూరంగా ఉన్న ఒక కొబ్బరి చెట్టు మీదో, గోడ మీదో ఉండేలా గుర్తుచేస్తూ ఉండండి.

చిన్నపిల్లల బండి అన్న మాటకు జవాబు చరిత్రలోనే ఉంది. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన మొదటి రెండు చక్రాల బండిని నడిపినప్పుడు దానికి పెడల్స్ లేవు, పెద్దవాళ్లు నేలను కాళ్లతో తన్నుకుంటూ దాన్ని నడిపేవారు. పెడల్స్ వచ్చింది 1860ల ఫ్రాన్సులో. సైకిలు పుట్టిందే ఇలా అని ఆ పాపకు చెప్పి చూడండి. ఏడేళ్ల పిల్లలకు ఇలాంటి సంగతులు బాగా పట్టుకుంటాయి, తోటివాళ్లకు తనే చెబుతుంది.

ఇంకొక మాట ఇతర తల్లిదండ్రుల కోసం. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు, కీళ్లు మరీ వదులుగా ఉన్నవారు, కదలికల సమన్వయం ఆలస్యంగా వచ్చేవారు పదేళ్లు దాటాక కూడా ఈ దశలో ఉండవచ్చు. అలాంటి పిల్లలకు పెద్ద చక్రాల బ్యాలెన్స్ బైకు నిజంగా ఉపయోగపడుతుంది. భీమవరం నాన్నగారు చెప్పిన తేలికపాటి బండి అక్కడ ఖర్చుకు తగినదే. కొనే ముందు పిల్లను చూస్తున్న వైద్యులతో ఒకసారి మాట్లాడండి. ఎవరికైనా సరే హెల్మెట్ తప్పనిసరి, అదీ సైకిలు కోసం చేసినది, ఈఎన్ 1078 (సైకిలు హెల్మెట్లకు యూరప్ భద్రతా ప్రమాణం) అని లోపల రాసి ఉంటే మరీ మంచిది. అది నుదుటి మీద కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, తల మీద నుంచి వెనక్కి జారకూడదు.

అంబాజీపేట అమ్మ

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలండి. పాప తప్పుగా నేర్చుకోలేదు, చక్రాలే అలా నేర్పాయి అన్న మాట తనకు చెప్పాను. కార్ల్ డ్రైస్ గారి కథ కూడా చెప్పాను, బొమ్మ చూపించమని అడిగింది. కాలి లోపలి కొలత బూట్లతో 59 సెంటీమీటర్లు వచ్చింది. పాత సైకిలు టైరు మీద 16 అని ఉంది. సీటు రాడ్డు మీద ఒక గీత కనిపించింది, ఆ గీత వరకు లేపితే సీటు పైభాగం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఇంకొంచెం పైకి లాగవచ్చా? ముందు ముందు తొక్కడం వచ్చేశాక, మళ్లీ మళ్లీ కొనకుండా, ఒకేసారి 24 అంగుళాలది కొనేయవచ్చా?

పాలకొల్లు సైకిల్ మెకానిక్

59కి 55 అంటే సరిగ్గా కావలసిందే, అమ్మా. ఇంకా పైకి లాగవద్దు. ఆ గీత ఉన్నది రాడ్డు కనీసం అంతవరకైనా ఫ్రేము లోపల ఉండాలని. దాన్ని దాటితే రాడ్డు వంగిపోవచ్చు, ఫ్రేము గొట్టం చీలిపోవచ్చు. కొన్నాళ్లకు ఎత్తు చాలకపోతే పొడుగు రాడ్డు మార్పించండి. పాత రాడ్డును షాపుకు తీసుకెళ్లి అదే మందం ఉన్నది అడగండి, ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా పట్టదు, లేదా నిలవదు. హ్యాండిల్ కాడకు కూడా ఇలాంటి గీతే ఉంటుంది, అక్కడివరకు లేపితే పాప మోకాళ్లకు చోటు దొరుకుతుంది. వసారాలో చాలాకాలం ఉంది కాబట్టి టైర్లను వేళ్లతో వంచి పగుళ్లు ఉన్నాయేమో చూడండి, ట్యూబులు మార్పించండి, రెండు చక్రాల మధ్య ఇరుసు తిరిగే చోట కొత్తగా గ్రీజు పెట్టించండి, బ్రేకు వైర్లకు తుప్పు పట్టి ఉంటే అవీ కొత్తవి వేయించండి. ఇదంతా కలిపినా కొత్త బండి ఖరీదులో చిన్న భాగమే అవుతుంది. భీమవరం అయ్యగారు చెప్పిన బరువు సంగతి సబబే. అందుకే క్రాంకు, చైను, మడ్‌గార్డులు కూడా తీయించి, పాపతో ఒకసారి బండిని పక్కకు ఒరిగించి లేపించి చూడండి. తేలికగా లేపగలిగితే ఇదే చాలు, లేపలేకపోతే అప్పుడు ఆయన చెప్పినది ఆలోచించవచ్చు.

కళ్లం ఒక చివర నుంచి కాళ్లు పైకెత్తి, నేలను తాకకుండా కొంత దూరం జారుతూ వెళ్లి, ఒక మలుపు కూడా తిరిగి, బ్రేకు పట్టి ఆపగలిగితే పెడల్స్ బిగించే సమయం వచ్చినట్టే. బిగించిన రోజు సీటు పైకి లేపకండి, మరో వారం పది రోజులు కాళ్లు నేలకు ఆనేలాగే ఉండనివ్వండి. ఒక పెడల్‌ను ముందుకు, కొంచెం పైకి ఉండేలా తిప్పి ఉంచి, దాని మీద కాలు వేసి నొక్కుతూ బయలుదేరడం నేర్పండి.

24 అంగుళాలది ఇప్పుడు వద్దు. సీటు పూర్తిగా దించినా ఆ సైకిలు సీటు సాధారణంగా మీ పాప కాలి కొలతకన్నా ఎత్తులోనే ఉంటుంది. పాదాలు అందకపోతే ఇప్పుడు పోగొట్టుకుంటున్న భయమంతా తిరిగి వస్తుంది. తరువాత కొనవలసింది 20 అంగుళాలది. అందులో కూడా ఒక్కో మోడల్‌కు సీటు ఎత్తు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి షాపుకు టేపు తీసుకెళ్లి, సీటు పూర్తిగా దించినప్పుడు నేలకు ఎంత ఎత్తులో ఉందో మీరే కొలవండి. 59 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉన్నదే తీసుకోండి. రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చినా, సీటును రాడ్డుకు బిగించే పట్టు (క్లాంపు) రాడ్డు నుంచి వేరుగా ఉండే రకమైతే ఆ పట్టును తిరగేసి బిగిస్తే కొంత కిందికి దిగుతుంది, షాపువారిని అడిగి అక్కడే చేయించుకుని, పాపను కూర్చోబెట్టి చూశాకే డబ్బు కట్టండి.